సముద్రం అడుగున సజ్జా

మా పెద్దక్క భర్తను వీధిలో అందరూ 'సముద్రం మేస్త్రి' అని పిలిచేవారు. ఆ పేరు గౌరవంతో పెట్టినది కాదు. ఆయన వృత్తి తాపీపని. నలభై రెండేళ్ళపాటు గోడలు కట్టారు, గచ్చులు వేశారు, మెట్లు తీర్చారు. ఆయన కట్టిన గోడ మీద రసమట్టం పెడితే అందులోని బుడగ రెండు గీతల నడుమ నిద్రపోయినట్టు నిలిచేది. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే ఆ గోడలన్నింటినీ పక్కకు నెట్టి, "నేను చేసిన పనంటూ ఏదైనా ఉంటే అది సముద్రం అడుగు" అని ఆయన అంటూ ఉండేవారు. నవ్వు అక్కడ మొదలయ్యేది.

సంగతి ఏమంటే, నగరం నడిబొడ్డున ఉన్న మత్స్య ప్రదర్శనశాలను పద్నాలుగేళ్ళ క్రితం నిర్మించారు. అందులోని పెద్ద తొట్టె మూడంతస్తుల ఎత్తు ఉంటుంది. ఆ తొట్టెలో కనిపించే కొండచరియలు, గుహలు, బండలు సిమెంటువనీ, తాను మరి ఆరుగురు మేస్త్రీలతో కలిసి ఎనిమిది నెలలు వాటిని కట్టాననీ ఆయన చెప్పేవారు. ఊచలు వంచి చట్రం నిలబెట్టడం, దానికి ఇనుప జాలీ చుట్టడం, సిమెంటు మెత్తడం, తడి ఆరకముందే నలిపిన గోనెసంచితో అద్ది రాతి గరుకు తెప్పించడం, ఇదీ పని. ఆ తరువాత మూడుసార్లు తొట్టె నిండా మంచినీరు పట్టి, వారాల తరబడి నిలవ ఉంచి వదిలేశారట. సిమెంటులోని ఘాటు దిగకపోతే చేప ఒక్కపూట బతకదని ఆయన వివరించేవారు. వినేవారు తల ఊపేవారు. వెనుదిరిగాక కన్ను గీటుకునేవారు.

నిరూపించడానికి ఆయన వద్ద కాగితం లేదు. హాజరు పుస్తకం కంట్రాక్టరుతోనే పోయింది. తోటి మేస్త్రీలు తలొక దిక్కుకూ చెదిరిపోయారు. ప్రారంభోత్సవం నాడు ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వెళితే ఈరోజు పనివారికి ప్రవేశం లేదు, రేపటి నుంచి టికెట్ కొని రమ్మని గేటు వద్దనే ఆపివేశారు. "నేను కట్టినదాన్ని చూడడానికి నేను టికెట్ చూపించాలా?" అని ఇంటికి వచ్చి, మరి ఆ దారి తొక్కలేదు. వెళ్ళలేదు గనుక ఎవరికీ చూపించలేదు. చూపించలేదు గనుక ఎవరూ నమ్మలేదు.

అందరికంటే ఎక్కువగా నమ్మనివారు ఆయన వియ్యంకుడు. అంటే ఆయన కూతురు, నా మేనకోడలి మామగారు. బస్సులలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ముప్పై ఏళ్ళు చేసి పదవీ విరమణ పొందిన మనిషి. ఎదుటివారి మాటను జేబులు తడిమి చూసినట్టు చూడడం ఆయనకు అలవాటు. ఈ ఇద్దరినీ వేరు చేసి పిలవడానికి మనవరాలు ఒకరిని 'సిమెంటు తాతయ్య' అనీ, మరొకరిని 'టికెట్ తాతయ్య' అనీ అనేది. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

ఒక సాయంత్రం టికెట్ తాతయ్య ఫోను చేతిలో పట్టుకొని మా అక్క ఇంటికి వచ్చారు. నేనూ, నా మేనకోడలూ, దాని కూతురూ అక్కడే ఉన్నాము.

"బావగారూ, మీ సముద్రం చూసొచ్చాను!"

"చూశారా? ఎలా ఉంది?"

"బ్రహ్మాండం. కాకపోతే చిన్న చిక్కొచ్చిపడింది. దాన్ని మీరు కట్టలేదట."

"ఎవరన్నారు?"

"బోర్డు అంది. ఇదిగో, నేను కల్పించానంటారని ఫొటో కూడా తీసుకొచ్చాను. 'ఈ తొట్టెలోని శిలలు సముద్రగర్భము నుండి సేకరించిన సహజ శిలలు.' అచ్చులో ఉంది, చదువుకోండి."

మనవరాలు తలెత్తి, "అమ్మా, సహజ శిలలంటే?" అని అడిగింది.

"ఎవరూ చెయ్యని రాళ్ళే. వాటంతట అవే పుట్టినవి" అని నా మేనకోడలు చెప్పింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. "మరి తాతయ్య చేశానన్నాడుగా?"

మా బావగారు చేతిలోని గ్లాసు కింద పెట్టారు. వీధివారి నవ్వును పద్నాలుగేళ్ళు భరించిన మనిషి ఆ చిన్న ప్రశ్నకు తట్టుకోలేకపోయారు. ఆయన కట్టిన గోడలు మరే మేస్త్రి కట్టినా అలాగే నిలిచేవి. తనది అని వేలు పెట్టి చూపగలిగినది ఈ ఒక్కటే. ఇది అబద్ధమని మనవరాలి మనసులో పడితే ఇక ఆయన చెప్పుకోవడానికి ఏదీ మిగలదు.

"ఆదివారం అందరం వెళ్తున్నాం. బావగారూ, మీరు కూడా రావాలి. తప్పించుకుంటే ఊరుకోను" అని ఆయన వియ్యంకుడితో అన్నారు.

"నేనెందుకు తప్పించుకుంటాను? ముందు సీటు నాదే!"

ఆదివారం ఉదయం ఆరుగురం బయలుదేరాము. బావగారు, మా అక్క, నా మేనకోడలు, దాని కూతురు, వియ్యంకుడు, నేను. గేటు వద్ద బావగారు టికెట్‌ను వేలికొసలతో పట్టుకొని, మొహం పక్కకు తిప్పి, కాపలాదారుకు చూపించారు. లోపల దారులు చీకటిగా, చల్లగా ఉన్నాయి. గోడల నిండా దీపాలు వెలిగే చిన్న తొట్టెలు. ఒక్కొక్క తొట్టె వద్ద వియ్యంకుడు ఆగారు.

"ఇదీ మీరే చేశారా బావగారూ? ఈ చేప మూతి చూస్తే మీ పనితనమే అనిపిస్తోంది."

"కాదు. మూతి ఎలా ఉండాలో తెలియక మీ ఫొటో తెప్పించుకొని ఉంటారు."

మనవరాలు కిలకిల నవ్వింది. మా అక్కకు మోకాళ్ళ నొప్పి. సముద్రపు గుర్రాల తొట్టె ముందు బల్ల కనిపిస్తే కూర్చుని, కదలక మెదలక నిలిచిన ఆ చిన్న జీవిని చూసి, "పాపం, ఇది కూడా నాలాగే వంటింట్లో నిలబడి నిలబడి ఇలా అయిపోయింది" అంది.

పెద్ద తొట్టె ఉన్న హాలుకు మేము మధ్యాహ్నం పన్నెండింటికి చేరాము. మెట్లమెట్లుగా కూర్చునే ఏర్పాటు. ఎదురుగా ఇల్లంత వెడల్పున ఒకే గాజు. ఆ వేళకు చేపలకు మేత వేసే ప్రదర్శన ఉంటుంది. ఈతగాడు ఒకడు గాలి సిలిండరు కట్టుకొని తొట్టెలోకి దిగాడు. మైకు పట్టుకొన్న అమ్మాయి ఒకతె గాజు పక్కన నిలబడి వివరాలు చెబుతోంది. ఆమె మాట లోపలి ఈతగాడి చెవికి కూడా వినిపించే ఏర్పాటు ఉంది.

జనమంతా చేపలను చూస్తున్నారు. బావగారు చేపల వెనక చూస్తున్నారు. చాటంత వెడల్పు చేప ఒకటి మెల్లగా అడ్డం వస్తే, చేయి విసిరి "జరుగు తల్లీ, కనబడ్డంలేదు" అన్నారు. చూసినకొద్దీ ఆయన ముఖం వాడిపోయింది. కారణం నాకు తరువాత తెలిసింది. పద్నాలుగేళ్ళ పాచి, నాచు, గవ్వల పొర ఆ బండలను కమ్మివేశాయి. తాను వేసిన రంగు లేదు, తాను అద్దిన గరుకు లేదు. తన పనిని తానే గుర్తుపట్టలేకపోయారు.

"గుర్తొచ్చిందా బావగారూ?" అని వియ్యంకుడు చెవి దగ్గర అడిగారు.

మైకులో అమ్మాయి, "ఇప్పుడు మీరు చూస్తున్న ఈ అందమైన శిలలన్నీ సముద్రం వేల ఏళ్ళపాటు చెక్కినవి" అంది.

బావగారు లేచి నిలబడ్డారు. "అమ్మాయ్, అవి సిమెంటు."

హాలులో సగం మంది వెనక్కి తిరిగి చూశారు.

"తాతగారూ, అవి సహజ శిలలండీ. అక్కడ బోర్డు ఉంది చూడండి."

"బోర్డు చూశాను. బండలు కూడా చూశాను. బండలు కట్టినవాణ్ణి నేను. బోర్డు రాసినవాడెవడో రమ్మను, మాట్లాడుకుంటాం."

వెనక వరుసలో ఎవరో, "చేపలు కూడా మీరే చేశారా పెద్దాయనా?" అన్నారు. నవ్వులు లేచాయి. నా మేనకోడలు తండ్రి మోచేయి పట్టుకుంది.

"నాన్నా, కూర్చోండి. అందరూ చూస్తున్నారు."

"చూడ్డానికేగా వచ్చారు, చూడనీ."

"రుజువేమైనా ఉందా?" అని మరొకరు అరిచారు.

బావగారి చూపు కుడిపక్క గుహ మీద ఆగింది. చెప్పగలిగినది ఏదో ఉందనీ, అది చెప్పడం ఆయనకు ఇష్టం లేదనీ పక్కనున్న నాకు అర్థమైంది. అప్పుడు మనవరాలు ఆయన చొక్కా అంచు లాగి, చాలా మెల్లగా, "తాతయ్యా, ఇంటికెళ్ళిపోదామా?" అని అడిగింది. ఆ గొంతులో జాలి ఉంది. అంతమంది నవ్వు చేయలేని పని ఆ జాలి చేసింది.

"ఉంది రుజువు!" అని ఆయన గొంతెత్తారు. "కానీ అది నా గొప్ప కాదు, నా తప్పు. ఇన్నాళ్ళూ మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఇప్పుడు అందరికీ చెప్తాను, వినండి. ఆ కుడిపక్క గుహ పైన ముందుకు పొడుచుకొచ్చిన బండ ఉందా? అది బండ కాదు. సజ్జా."

"సజ్జానా?" అంది అమ్మాయి, మైకులోనే.

"సజ్జానే. మీ ఇంట్లో కిటికీ మీద ఉంటుందే, అదే. మొదటి నెల నా చేతికి వంకర రాలేదమ్మా. పాతికేళ్ళు తిన్నగా కట్టిన చెయ్యి. గుహ మీద బండ పెట్టమన్నారు, చెయ్యి పోయి సజ్జా పెట్టింది. అంతటితో ఊరుకుందా? వాన నీళ్ళు సజ్జా అంచు నుంచి గోడ మీదికి పాకకుండా అడుగున గాడి తీస్తాం. ఆ గాడి కూడా తీశాను. సముద్రం అడుగున, వానకి!"

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. బావగారు ఆ నవ్వుకు అడ్డం వెళ్ళలేదు, తల దించలేదు. అది తగ్గేవరకు నిలబడి, మళ్ళీ అందుకున్నారు.

"మా ఫోర్‌మన్ కూడా ఇలాగే నవ్వాడు. 'ఏమయ్యా, చేపలు తడిసిపోతాయని భయమా?' అన్నాడు. పగలగొట్టే టైము లేక పైన గోనెతో అద్ది కప్పించాడు. కింద గాడి ఎవడికి కనిపిస్తుందిలే అని వదిలేశాడు. అంచు నుంచి రెండు వేళ్ళ లోపల ఉంటుంది. పన్నెండో నంబరు ఊచ పెట్టి తీసింది, వేలి కొస దూరుతుంది. రెండు మూరల పొడుగు. రెండు పక్కలా జానెడు ముందే ఆగిపోతుంది. ఇక్కడి నుంచి నాకూ కనబడదు, మీకూ కనబడదు. లోపలున్న బాబుని తడిమి చూడమను. గాడి లేకపోతే నేను అబద్ధాలకోరునని ఇక్కడే ఒప్పుకుంటాను."

ఈలోగా నీలం కోటు వేసుకున్న పర్యవేక్షకుడు వచ్చారు. ప్రదర్శన మధ్యలో సందర్శకులు మాట్లాడరాదనీ, దయచేసి కూర్చోవాలనీ అన్నారు. కానీ జనానికి అప్పటికే రుచి తగిలింది.

"అడగమ్మా! చేపలు తినడం రేపైనా చూడొచ్చు!"

"చెయ్యి పెట్టి చూడమనండి, పోయేదేముంది!"

అమ్మాయి పర్యవేక్షకుడి వైపు ఒకసారి, బావగారి వైపు ఒకసారి చూసి, మైకు నోటికి దగ్గరగా తీసుకుంది. "కుడివైపు గుహ పైన ఉన్న బండ కింద ఏదైనా గాడి ఉందేమో చూస్తావా?"

ఈతగాడు వెతకలేదు. నేరుగా అక్కడికి పోయి, బండ అడుగున నాలుగు వేళ్ళ కొసలు దూర్చి, బస్సులో కమ్మీ పట్టుకొని వేలాడినట్టు ఒంటిచేత్తో నిలిచాడు. తరువాత రెండో చేతి వేలితో ఆ చివర నుంచి ఈ చివర వరకు జరిపి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూపించాడు. రెండు మూరలు. రెండు పక్కలా జానెడు ఖాళీ.

"అయ్యో, ఇదా!" అని అమ్మాయి మైకు సంగతి మరచిపోయి అనేసింది. "గాజు తుడిచేటప్పుడు పట్టు కోసం అక్కడే వేళ్ళు పెట్టుకుంటానని రోజూ చెప్తాడు. అది లేకపోతే నీటి ఊపుకి నిలబడలేనంటాడు. సముద్రమే చెక్కిందేమో అనుకున్నాం!"

"సముద్రానికి రసమట్టం ఎవరిచ్చారమ్మా?" అన్నారు బావగారు.

చప్పట్లు మోగాయి. మనవరాలు బల్ల ఎక్కి నిలబడి, "మా తాతయ్య! మా సిమెంటు తాతయ్య!" అని ఎవరూ అడగకుండానే చెప్పసాగింది.

వియ్యంకుడు బావగారి భుజం పట్టుకున్నారు. "ఏం మనిషండీ మీరు! ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కదా!"

"ఆ ఒక్క ముక్కే చెప్పకూడదనుకున్నాను. చెప్తే మీరు చచ్చేదాకా నన్ను సజ్జా మేస్త్రి అంటారు."

"అంటాను. తప్పకుండా అంటాను!"

"మీరు కూడా నమ్మలేదు కదా చెల్లెమ్మా?" అని వియ్యంకుడు మా అక్క వైపు తిరిగారు.

"నమ్మలేదని నేనెప్పుడన్నాను?" అంది అక్క. "ఎనిమిది నెలలు సిమెంటుకి పగిలిన ఆ చేతులకి నూనె రాసింది నేను. మీరెవరూ నన్ను అడగలేదు."

ఇంతటితో ఇంటికి వెళ్ళి ఉండవచ్చు. బావగారు వెళ్ళలేదు. బోర్డు వద్దకు నడిచి, దానిని మార్చమని పర్యవేక్షకుణ్ణి అడిగారు. బోర్డులోని సమాచారం పై కార్యాలయం నుండి వచ్చిందనీ, తాము మార్చలేమనీ, కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చుననీ ఆయన జవాబిచ్చారు.

"అబద్ధం రాసింది మీరు. దరఖాస్తు నేను పెట్టాలా?"

"పద్ధతి అది పెద్దాయనా."

"సరే. మీ పద్ధతి మీది. నా పద్ధతి నాది."

ఆయన పద్ధతి ఏమంటే, బోర్డు పక్కన నిలబడడం. ఒంటిగంటకు రెండవ జట్టు లోపలికి వచ్చింది. వచ్చినవారందరికీ బోర్డును చూపించి, "ఇది తప్పు. అవి సిమెంటువి. నేను కట్టాను. ఆ సజ్జా కింద గాడి ఉంది" అని మొదటి నుంచి చెప్పారు. రెండింటికి మూడవ జట్టుకూ చెప్పారు. ఈసారి ఊచలు వంచే పద్ధతి కూడా చేతులతో చూపించారు. వియ్యంకుడు పక్కన నిలబడి, "తోసుకోకండి, లైనులో రండి, అందరికీ చెప్తారు" అని జనాన్ని సర్దారు. నా మేనకోడలు మొదట దూరంగా కూర్చుంది. మూడవ జట్టు వచ్చేసరికి తండ్రి గొంతు ఆరిపోతోందని మంచినీళ్ళ సీసా తెచ్చి అక్కడే ఉండిపోయింది.

మూడున్నరకు ఇద్దరు కాపలాదారులు వచ్చి మమ్మల్ని పర్యవేక్షకుడి గదికి తీసుకుపోయారు. ఇరుకైన గది. ఒక ఇనుప బీరువా, గోడవారగా తడి గొట్టాల చుట్టలు, బల్ల మీద చిరుతిళ్ళ డబ్బా, దాని పక్కన లావైన రిజిస్టరు. పర్యవేక్షకుడు అప్పటికే అందులో రాసి ఉంచారు. సంతకం చేయమని కలం అందించారు. బావగారు దాన్ని అందుకోబోతే వియ్యంకుడు ఆపారు.

"ఆగండి బావగారూ. ముందు చదివి వినిపించమనండి. చదవని కాగితం మీద సంతకమేమిటి?"

పర్యవేక్షకుడు విసుగ్గా చదివారు: "పెద్ద తొట్టెలోని శిలలను తానే నిర్మించినట్లు చెప్పుకొనుచున్న తాపీ మేస్త్రి, వారించినను వినక, సందర్శకులకు అంతరాయము కలిగించినందున, ఇతనికి ఒక సంవత్సరము పాటు ప్రవేశము నిషేధించడమైనది."

"అంతరాయం నిజమే" అన్నారు బావగారు. "ఇవ్వండి, పెడతాను."

"పెట్టకండి!" అన్నారు వియ్యంకుడు. "సార్, ముప్పై ఏళ్ళు నేనూ ఇలాంటివే రాశాను. 'టికెట్ కొన్నట్లు చెప్పుకుంటున్న ప్రయాణికుడు' అని రాశామంటే అర్థం ఏమిటో తెలుసా? వాడు కొనలేదని. మాతో ఆటలా? ఆ 'చెప్పుకొనుచున్న' కొట్టేయండి."

"దానికీ దీనికీ తేడా ఏముందండీ?"

"తేడా లేకపోతే కొట్టేయడానికి మీకేం కష్టం?"

పర్యవేక్షకుడు కలం మూత పెట్టారు. "నేను కట్టడం చూడలేదు. చూడనిది రాయలేను."

"సముద్రం చెక్కడం చూశారా?" అని మా అక్క గుమ్మం దగ్గర నుంచి అడిగింది. "అది బోర్డు మీద రాశారుగా."

బయట మైకులో నాలుగింటి ప్రదర్శనకు పర్యవేక్షకుడు రావాలని పిలుపు వచ్చింది. మళ్ళీ వచ్చింది.

బావగారు బల్ల మీద రెండు అరచేతులూ ఆనించి వంగారు. "సార్, ఏడాది చాలదంటే రెండేళ్ళు వెయ్యండి. మూడేళ్ళు వెయ్యండి. శిక్ష నేను కాదనను. ఆ ముక్క మాత్రం తీసెయ్యండి. లేకపోతే నేను సంతకం పెట్టను, ఇక్కడి నుంచి కదలను. నాలుగింటికి వచ్చే జనానికి కూడా చెప్పుకొస్తాను."

మూడవసారి పిలుపు వచ్చింది. పర్యవేక్షకుడు కలం తీసి, 'నిర్మించినట్లు చెప్పుకొనుచున్న' అనే మాటల మీద గీత కొట్టి, పైన 'నిర్మించిన' అని రాసి, పక్కన పొడి సంతకం చేశారు. ఆ పుటను నేను కళ్ళారా చూశాను. కొట్టివేత స్పష్టంగా ఉంది, దిద్దుబాటు చదవడానికి వీలుగా ఉంది, తేదీ ఉంది. ఆ తొట్టెలోని శిలలను ఫలానా మేస్త్రి నిర్మించాడని ఆ సంస్థ కాగితాలలో మరెక్కడా లేదు. నాకు తెలిసినంతవరకు ఆ నిషేధపు ఉత్తర్వులోనే ఉంది.

బావగారు సంతకం చేశారు. ఆయనకు సంతకం ఒక పెద్ద పని. ఒక్కొక్క అక్షరం ఇటుక పేర్చినట్టు పెట్టారు.

"ఏడాదిదాకా ఈ గేటు లోపలికి రాకూడదు. అర్థమైందా?" అన్నారు పర్యవేక్షకుడు, కోటు సర్దుకుంటూ.

బావగారు మనవరాలి చేయి పట్టుకున్నారు.

"రాను లెండి. నేను కట్టింది ఏడాదికి పడిపోయేది కాదు."